ఖాళీ బండి బ్రేకు

బండక్కకు కోపం రావడానికి కారణం అక్కర్లేదని ఆ ఇంట్లో అందరూ అనేవారు. పచ్చి అబద్ధం. ఆమెకు కారణం లేకుండా కోపం వచ్చిన రోజు ఒక్కటి కూడా లేదు. కారణం చెప్పేలోపే ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. అందుకని చివరికి కోపం ఒక్కటే కనిపించేది.

పెళ్ళయిన కొత్తలో ఆమె ఒక ఫర్నిచర్ షాపులో పాలిష్ పనికి చేరింది. బీరువాలు, మంచాలు ఇళ్ళకు చేర్చే డ్రైవరు వారంలో సగం రోజులు రాడు. వచ్చిన రోజు కూడా వచ్చినట్టు ఉండడు. కొన్నవాళ్ళు ఫోన్లు చేసి తిడుతుంటే షాపు యజమాని తల పట్టుకుని కూర్చునేవాడు. "నాకు నేర్పించండి, నేను తోలతాను" అందామె ఒకరోజు, చేతికున్న పాలిష్‌ను గుడ్డతో తుడుచుకుంటూ. ఆయన నవ్వాడు. నవ్వినందుకు ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే నేర్చుకుంది. కొన్నాళ్ళకు సొంతంగా ఒక పాత పికప్ కొనుక్కుంది. అప్పటినుంచి అందరికీ బండక్క అయింది. సొంత పేరుతో పిలిచేది ఒక్క అత్తగారే. అదీ తిట్టాల్సి వచ్చినప్పుడు.

బండి మంచిదే గానీ ఎత్తు. వెనక తొట్టి అంచు సరిగ్గా బండక్క గుండెల దాకా వచ్చేది. బీరువాను అంత ఎత్తుకు లేపడం ఒక్కరి వల్ల కాదు. రోజుకొక కూలీమనిషిని బతిమాలుకోవాలి. వాడు వచ్చేదాకా ఎండలో బీరువాకు కాపలా కాయాలి. వాడు రాకపోతే తానే భుజం ఆనించి నెట్టాలి. అలా నెట్టి నెట్టి కుడి భుజం ఎప్పుడు చూసినా సలుపుతూ ఉండేది. తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవని రోజులు కూడా ఉండేవి. అయినా ఇంట్లో ఎవరైనా గమనించారా? దువ్వెన కిందపడిన చప్పుడు మాత్రం విన్నారు.

ఆమె మరిది మెకానిక్. వీధి మలుపులో సొంత షెడ్డు. చేతిలో పనుంది, నోట్లో మాటుంది. ఈమధ్య కుర్రాళ్ళకు కొత్త పిచ్చి పట్టి, పికప్‌లను నేలకు రాసుకునేంత కిందికి దింపించుకుంటున్నారు. కంపెనీ స్ప్రింగులు పీకేసి, బయట దొరికే పొట్టి స్ప్రింగులు వేయించుకోవడం, మెల్లగా వీధంతా ఒక చుట్టు చుట్టడం, అందరూ చూశారో లేదో చూసుకోవడం. మరిదికి ఆ పనులు బాగా వచ్చిపడుతున్నాయి. ఒకరోజు బండక్క షెడ్డుకు వెళ్ళి, "నా బండి కూడా దించు" అంది.

"నీకెందుకు వదినా ఈ వయసులో స్టైలు?"

"స్టైలు కాదు, నా భుజం. తొట్టి నా నడుము దాకా దిగితే బీరువాను పడుకోబెట్టి జరిపేసుకుంటాను. ఎవడి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు."

మరిది పకపకా నవ్వి, "బీరువా కోసం బండి దింపమన్న మొదటి మనిషివి నువ్వే" అన్నాడు. కానీ పని శ్రద్ధగా చేశాడు, అది ఒప్పుకోవాలి. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, వెనక ఇనుప బద్దలు పేర్చిన పాత కమాన్ కట్టలు విప్పి, వంపు తక్కువున్న కొత్త కట్టలు ఎక్కించాడు. ముందువైపు పొట్టి స్ప్రింగులు కూర్చోబెట్టాడు. బోల్టులన్నీ వదులుగా పెట్టి, బండిని నేల మీదికి దించి, తొట్టిలోకి తానే ఎక్కి గెంతి, బరువంతా కుదురుకున్నాకే బిగించాడు. "చక్రాలు గాల్లో వేలాడుతుంటే బిగించామనుకో, లోపల రబ్బరు బుష్షులు మెలిపడి నాలుగు రోజుల్లో చిరిగిపోతాయి. చాలామందికి ఈ సంగతి తెలీదు" అన్నాడు గర్వంగా. బండక్క తొట్టి అంచు మీద చెయ్యి వేసి చూసుకుంది. సరిగ్గా నడుము దగ్గరికి వచ్చింది. మర్నాడు ఒక బీరువాను ఒక్కతే ఎక్కించుకుని, ఎవరూ చూడకుండా షాపు వెనక నిలబడి కాసేపు నవ్వుకుంది.

వానాకాలం మొదలైంది. ఒక సాయంత్రం ఎవరింట్లోనో మంచం దింపేసి, ఖాళీ బండితో కూతురి కాలేజీకి వెళ్ళింది. రోజూ అదే అలవాటు. ఆ పిల్ల పక్కసీట్లో ఎక్కి, చెప్పులు విప్పేసి, కాళ్ళు మడిచి కూర్చుని కాలేజీ సంగతులన్నీ ఏకరువు పెట్టేది. ఇంట్లో పెదవి విప్పని పిల్ల బండిలో వాగుడుకాయ. రోజంతటిలో బండక్క ఎవరిమీదా చిటపటలాడకుండా ఉండే సమయం అదొక్కటే.

మందులషాపు మలుపులో ఒకాయన గొడుగు అడ్డం పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు. బండక్క బ్రేకు తొక్కింది. గట్టిగా కూడా కాదు, రోజూ తొక్కేంతే. ముందు చక్రాలు బాగానే ఉన్నాయి. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. బండి వెనకభాగం గిర్రున తిరిగి పక్కకు వచ్చేసింది. స్టీరింగు ఎటు తిప్పినా దాని దారి దానిదే. మందులషాపు స్తంభానికి ఎడమవైపు తలుపు గుద్దుకుంది. గొడుగాయనకు ఏమీ కాలేదు. డాష్‌బోర్డుకు కొట్టుకుని కూతురి కుడిచెయ్యి విరిగింది.

ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన భర్త మొదట అడిగిన మాట, "ఎంత స్పీడులో వచ్చావు?"

"స్పీడులో రాలేదండీ. బ్రేకు తొక్కితే వెనక చక్రాలు పట్టేశాయి."

"బ్రేకు మీద నిలబడితే పట్టెయ్యవా మరి?"

ఆయన టైలరు. జీవితంలో కుట్టుమిషను పెడలు తప్ప ఇంకో పెడలు తొక్కలేదు. అయినా బ్రేకు గురించి చెప్పాడు. అత్తగారు వచ్చి, మనవరాలి చేతికట్టు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆడదానికి ఈ మొండితనం వద్దని మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను" అంది. చివరికి మరిది వచ్చాడు. ఇతనికి అర్థమవుతుందని బండక్క ఆశపడింది.

"వెనక చక్రాలు ముందే పట్టేశాయి అబ్బాయ్. నేను తొక్కింది కొంచెమే."

మరిది ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత చూపు గోడమీది గడియారం వైపు తిప్పుకున్నాడు. "అలా పట్టవు వదినా. భయంలో కాలు ఎంత గట్టిగా తొక్కిందో మనకు తెలీదు. వాన రోడ్డు కదా."

మెకానిక్కే అలా అన్నాక ఇంకెవరు వింటారు? బండక్క కూడా తన కుడికాలి వైపు చూసుకుంది, ఎవరిదో కాలిని చూసినట్టు. ఏమో. తొక్కేశానేమో.

మూడోనాడో నాలుగోనాడో కూతురు మంచం మీద కూర్చుని, మొహం పక్కకు పెట్టుకుని, "అమ్మా, నేను ఇకనుంచి బస్సులో వెళ్తాను" అంది. మెల్లగానే అంది. మర్యాదగానే అంది. ఆ మర్యాదకే బండక్క కడుపు రగిలిపోయింది. భర్త తిట్టాడు, పోనీ. అత్తగారు సాధించింది, అది కొత్తేమీ కాదు. కానీ పక్కసీటు ఖాళీ అయిపోయింది. ఆ పిల్ల మళ్ళీ చెప్పులు విప్పి, కాళ్ళు మడిచి కూర్చోదు. లోకంలో తనను చూసి భయపడకూడని మనిషి తనను చూసి భయపడుతోంది. దానికి ఏం చెయ్యాలో, ఎవరితో దెబ్బలాడాలో బండక్కకు తోచలేదు.

నొక్కుకుపోయిన తలుపు మరిదే బాగుచేసి, రంగు వేసి, బండి తెచ్చి ఇంటిముందు పెట్టాడు. తాళం భర్త జేబులోకి పోయింది. షాపు పని ఆగకూడదు గనుక ఆయనే ఒక డ్రైవరును మాట్లాడాడు. గుబురు మీసాలు, నెరిసిన తల, ఎవరిజోలికీ పోని మనిషి. బండక్క తన సొంత బండిలో పక్కసీట్లో, సామాను దింపే మనిషిగా వెళ్ళాల్సి వచ్చింది. అద్దంలో తన మొహం తనకే కనపడేది. డ్రైవరు దాన్ని తనవైపు తిప్పుకోనే లేదు. ఆయన పెద్దగా అద్దం చూసేవాడు కాదు. అదొక మంట.

బరువుతో ఉన్నప్పుడు బండి బుద్ధిగా నడిచింది. ఒకరోజు జల్లు పడుతుండగా ఖాళీగా తిరిగొస్తున్నారు. ఎదురుగా కుక్కపిల్ల ఒకటి అడ్డం వచ్చింది. మీసాలాయన బ్రేకు తొక్కాడు. వెనకభాగం సర్రున పక్కకు జారి, రోడ్డుకు అడ్డంగా నిలబడింది. కుక్కపిల్ల వెళ్ళిపోయింది.

"ఇదే!" అంది బండక్క. "నేను చెప్పింది ఇదే కదా!"

"మీరు నాకేం చెప్పలేదే బండక్కా" అన్నాడాయన అమాయకంగా.

అది నిజమే, ఆయనకు చెప్పలేదు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానేసింది.

సాయంత్రం ఆయన తాళం ఇస్తూ భర్తతో, "సార్, మీ బండికి వెనక బ్రేకు తేడాగా ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలు ముందే పట్టేస్తున్నాయి. చూపించండి, ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు.

భర్త గబుక్కున లేచి నిలబడ్డాడు. "అవునా? అయ్యో! ముందే చెప్పారు, మంచి పని చేశారు. ఇప్పుడే మా తమ్ముడికి ఫోన్ చేస్తాను."

బండక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. అదే మాట. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ఆసుపత్రి వరండాలో ఆమె చెబితే భయం, మీసాల కింద నుంచి వస్తే బ్రేకు తేడా.

"నేనూ అదే కదా చెప్పాను!" అని అరిచింది.

"నువ్వు చెప్పింది వేరు" అన్నాడు భర్త ఫోను చెవి దగ్గర పెట్టుకుంటూ. "ఆయన అనుభవం ఉన్న మనిషి."

"నాకున్నది అనుభవం కాదా? ఇన్నేళ్ళూ ఆ బండిలో నేను నిద్రపోయానా?"

"అరవకు. ఫోన్ మాట్లాడుతున్నాను."

మీసాలాయన మాత్రం చెప్పులు వేసుకుంటూ ఆగి, "మీ ఆవిడ ముందే చెప్పారా సార్? అయితే అప్పుడే చూపించాల్సింది" అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటకు బండక్కకు ఆయన మీదున్న కోపమంతా పోయింది. మిగతావాళ్ళ మీద రెట్టింపయింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డులో మరిది బండిని జాకీ మీద లేపాడు. "నువ్వలా కుర్చీలో కూర్చో వదినా, నేను చూస్తాగా" అన్నాడు. బండక్క కుర్చీ వంక కూడా చూడలేదు. నేల మీద అట్టముక్క పరుచుకుని అతని పక్కనే బండి కిందికి దూరింది. అతను టార్చి వెలిగించి, ముందు ఇటు చూశాడు, అటు చూశాడు, చక్రం తిప్పి చూశాడు. ఒక చోటికి మాత్రం వెలుగు పోనివ్వడం లేదు. అది ఆమె కనిపెట్టింది. టార్చి లాక్కుని తానే అటు తిప్పింది. ఇరుసు నుంచి పైకి ఒక సన్నటి కడ్డీ, దాని చివర చిన్న ఇనుప డబ్బా.

"ఇదేంటి?"

మరిది నీళ్ళు నమిలాడు. "అది... వెనక బ్రేకుకు సంబంధించింది."

"అది నాకూ కనపడుతోంది. ఏం చేస్తుంది?"

"తొట్టిలో బరువు వేస్తే బండి కిందికి దిగుతుంది కదా వదినా. అప్పుడు ఈ కడ్డీ పైకి నొక్కుకుని, వెనక బ్రేకుకు ఎక్కువ బలం ఇస్తుంది. ఖాళీగా ఉంటే తక్కువ ఇస్తుంది, లేకపోతే బరువు లేని చక్రాలు పట్టేసి జారతాయి."

"మరి మనం బండినే దించేశాం."

అతను కడ్డీ మీది మట్టిని బొటనవేలితో గీకాడు.

"అంటే ఆ డబ్బా నా బండిలో ఎప్పుడూ బీరువాలు ఉన్నాయనే అనుకుంటోంది. అంతేనా?"

"కడ్డీ సరిచెయ్యాల్సింది" అన్నాడు మరిది, ఇరుసుతో చెబుతున్నట్టు. "స్ప్రింగులు మార్చినప్పుడే సరిచెయ్యాల్సింది. మా గురువు దగ్గర కుంగిన బండ్లు లేపడమే నేర్చుకున్నాను వదినా. దించడం నాకు ఎవరూ నేర్పలేదు. చూసి చూసి నేనే పట్టుకున్నాను."

అక్కడితో ఆగి ఉంటే ఆమె ఊరుకునేదేమో. తెలియక చేసిన పని. కానీ ఆసుపత్రిలో గడియారం వైపు తిప్పుకున్న ఆ చూపు ఆమె కళ్ళముందు కదిలింది.

"ఇప్పుడే తెలిసిందా నీకు?"

"ఇప్పుడే."

"నా మొహం చూసి చెప్పు."

బండి కింద ఇద్దరి మొహాల మధ్య జానెడు దూరం. తిప్పుకోవడానికి గడియారం లేదు. "వెనక చక్రాలు ముందే పట్టేశాయని నువ్వన్నావు చూడు, అప్పుడు అనుమానం వచ్చింది."

"తలుపు బాగుచేసి రంగు కూడా వేశావు. ఒక్కసారి వంగి చూడలేదా?"

"చూస్తే ఉంటుందేమోనని చూడలేదు" అన్నాడు.

బండక్క బండి కిందినుంచి బయటికి వచ్చింది. పక్కనే ఉన్న నట్లూ బోల్టుల పళ్ళేన్ని కాలితో ఒక్క తన్ను తన్నింది. షెడ్డంతా గలగలమంది. "చూస్తే ఉంటుందేమోనని! నీ పేరు పోతుందని! నీ పేరు కోసం నా కూతురు నన్ను చూసి జడుసుకోవాలా? వారం రోజులుగా బస్సు ఎక్కుతోందిరా అది, విరిగిన చేత్తో! నా కాలి మీద నాకే నమ్మకం పోయింది. మెట్లు దిగుతుంటే కూడా ఎంత గట్టిగా వేస్తున్నానో చూసుకుంటున్నాను!"

మరిది బండి కిందే ఉండిపోయాడు. అతని చెప్పులు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"ఇంకెన్ని బండ్లు దించావు ఇలాగ?"

చెప్పులు కదిలాయి. ఆ కుర్రాళ్ళ బండ్లు ఎప్పుడూ ఖాళీగానే తిరుగుతాయి. వాటిలో ఒకటి క్రితం నెల ఎవరి షట్టరునో గుద్దితే, ఇదే షెడ్డులో మరిది "కుర్రకారు" అని నవ్వడం ఆమె చెవులారా వింది.

"బయటికి రా. ఫోన్ తియ్యి. ఒక్కొక్కడికీ చెయ్యి."

అతను వచ్చి మొదటి నంబరు నొక్కాడు. "తమ్ముడూ, ఒకసారి ఊరికే చెకింగుకు బండి తీసుకురా..."

"ఊరికే ఏమిటి ఊరికే?" బండక్క ఫోను దగ్గరికి వంగి గట్టిగా అంది. "బండి తప్పుగా దించానని చెప్పు. నడపొద్దని చెప్పు." మరిది కళ్ళు మూసుకుని ఆ మాటే చెప్పాడు. తర్వాతివాళ్ళకు ఆమె గుర్తుచెయ్యాల్సిన పని లేకపోయింది.

ఆదివారం కావడంతో మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. మరిదిని ఆమె వెంటబెట్టుకుని వచ్చింది. అతను బండి తాళం అలవాటుగా అన్న చొక్కా జేబులో వేశాడు. కూతురు ఎడమచేత్తో తంటాలుపడుతూ తింటోంది. మరిది కంచం ముందు కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, తల వంచుకుని చెప్పాడు. దాచకుండా చెప్పాడు. కడ్డీ సంగతి, డబ్బా సంగతి, ఆసుపత్రిలోనే అనుమానం వచ్చిన సంగతి. "తప్పు నాది. వదిన సరిగ్గానే తోలింది" అన్నాడు.

బండక్క ఎదురుచూసింది. ఇన్నాళ్ళూ తన మీద పడిన మాటల్లో సగమైనా ఇప్పుడు అటువైపు పడతాయని చూసింది.

అత్తగారు నిట్టూర్చింది. "పాపం, తెలియక చేశాడు. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. రా నాన్నా, కూర్చో, తిను."

"పోన్లేరా" అన్నాడు భర్త. "పనిచేసే చేతికి పొరపాటు రాకుండా ఉంటుందా? ఇప్పుడు తెలిసింది కదా, సరిచేసుకుందాం."

అయిపోయింది. అంతే. కంచంలో అన్నం చల్లారనంత సేపట్లో అతన్ని క్షమించేశారు. పీట వేసి, నీళ్ళు పెట్టి క్షమించారు. బండక్క చెయ్యని తప్పుకు ఆ ఇంట్లో ఒక్కరు, ఒక్కపూట, ఒక్కసారి "పోన్లే" అనలేదు. ఆమె మొహం పీక్కుపోయిందో లేదో చూసినవాళ్ళు లేరు.

కూతురు కంచం వదిలి లేచింది. చెయ్యి కడుక్కుని, నాన్న చొక్కా తగిలించిన చోటికి వెళ్ళి, జేబులోంచి బండి తాళం తీసింది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

ఆ పిల్ల తాళం తెచ్చి తల్లి చేతిలో పెట్టి, బయటికి నడిచింది.

షెడ్డు దగ్గర బండి సిద్ధంగా ఉంది. కడ్డీ సరిచేసే దాకా బండక్క మరిదిని అక్కడినుంచి కదలనివ్వలేదు మరి. కూతురు పక్కసీట్లోకి ఎక్కి, ఒంటిచేత్తో బెల్టు పెట్టుకోవడానికి అవస్థపడి, చివరికి పెట్టుకుంది. కాళ్ళు మడుచుకోలేదు. చెప్పులు విప్పలేదు. అది ఒక్కరోజులో వచ్చేది కాదని బండక్కకు తెలుసు. ఎవరూ లేని పక్కవీధిలోకి తిప్పింది. పొద్దుటి వానకు రోడ్డు ఇంకా తడిగానే ఉంది. బ్రేకు తొక్కింది. బండి తిన్నగా ఆగింది. ఇంకోసారి, కాస్త వేగంగా వెళ్ళి తొక్కింది. తిన్నగానే ఆగింది.

ఇంజను ఆపేసి ఇద్దరూ కూర్చున్నారు.

"అమ్మా" అంది కూతురు కాసేపటికి. "వాళ్ళందరూ నీ తప్పే అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నువ్వు కూడా అలాగే అనుకున్నావా?"

లేదని చెప్పడానికి బండక్క నోరు తెరిచింది.

"అనుకున్నాను" అంది.

"నీకు తెలుసు కదా నువ్వు కొంచెమే తొక్కావని?"

"తెలుసు."

"మరి ఎందుకు అనుకున్నావు?"

బండక్క స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, ముందు అద్దంలోంచి తడిసిన రోడ్డును చూస్తూ ఉండిపోయింది. మరిది మీద కోపం ఏదో ఒకరోజుకు చల్లారుతుంది. మొగుడి మీద కోపం రోజూ ఉండేదే. ఇది వేరు. ఇది ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

"అదేనే" అంది. "దానికే నాకు మండిపోతోంది."